లోపలాయన ఏమన్నాడు?

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా సర్వరు తెర మీద నాకు కొరుకుడు పడని ఎర్రరు లైను ఒకటి కనిపించింది. అలవాటు కొద్దీ కడపలో ఉండే ఒక పెద్దాయనకు ఫోను కొట్టాను. నా ఫోనులో ఆయన నంబరు ఆయన పేరుతో ఉండదు, ‘ఎప్పుడు సార్’ అని ఉంటుంది. ఈసారి ఎత్తింది ఎవరో పెద్దావిడ. సార్ ఉన్నారా అమ్మా అని అడిగాను.

“లేరు నాయనా. రంజాను నెలకు ముందరే పోయినారు.”

ఇలాంటప్పుడు అనాల్సిన మాటలు నాలుగుంటాయి కదా, వాటిలో ఒక్కటీ తోచలేదు. ఆమే అందుకుంది.

“ఎర్రరు ఏమన్నా వచ్చిండాదా?”

“వచ్చిందమ్మా,” అన్నాను, సిగ్గుతో చచ్చిపోతూ.

“ఎప్పుడు వచ్చిండాది?”

ఆ ఒక్క ప్రశ్నకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఆయన భార్య, కంప్యూటరు ఆన్ చేయడం కూడా రాదట. ఇన్నేళ్ళూ వంటింట్లోంచి ఆయన ఫోను మాటలు వినీ వినీ ఆ ప్రశ్న నోటికొచ్చేసిందట. నువ్వు జవాబు చెప్పినా ఏం చెయ్యాల్నో నాకు తెలీదు నాయనా, ఊరికే అడిగినా అంది. ఇంకో రెండు మాటలు మాట్లాడి పెట్టేశాను. ఆ రోజు నుంచీ ఆయన గురించి రాయాలని కూర్చుంటున్నాను. పేరు మాత్రం రాయను. ఫోటో తీయబోతే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి ఆయన.

ఆయన పనేమిటో చెప్పాలంటే కొంచెం లోతుకు దిగాలి. కంప్యూటర్లో మనకు కనిపించే బొమ్మలూ బొత్తాలూ అన్నీ పైపై వేషాలు. వాటి అడుగున కెర్నల్ అని ఒక ప్రోగ్రాము ఉంటుంది. డిస్కు మీద ఒక ముక్క రాయాలన్నా, రాసింది తిరిగి చదవాలన్నా ఎవరైనా దాని చేతుల మీదుగా పోవాల్సిందే. కెర్నల్‌కీ డిస్కుకీ నడుమ చెడితే, ఎక్కడ చెడిందో పట్టుకోవడం ఆయన పని. కడప జిల్లాలో ఆ పని చేసే మనిషి ఇంకొకరున్నారని నేను వినలేదు. ఒకప్పుడు టైపు మిషన్లు బాగుచేసేవారని కొందరూ, హైదరాబాదులో పెద్ద ఉద్యోగం వదిలేసి వచ్చారని కొందరూ చెప్పుకునేవాళ్ళు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కెర్నల్ అనే మాట ఆయన నోట ఎప్పుడో గాని వచ్చేది కాదు. ‘లోపలాయన’ అనేవారు. మనం ఫోను చేసి, డిస్కు పోయినట్టుంది సార్ అనో, వైరస్ అనుకుంటా సార్ అనో మొదలుపెడితే అక్కడే ఆపేసేవారు.

“నువ్వు అనుకునేది నాకెందుకప్పా. లోపలాయన ఏమన్నాడు? అది చదువు. దానికంటే ముందు, ఎప్పుడన్నాడో చెప్పు.”

‘ఏమైంది’ అని ఆయన మొదట అడగగా నేను వినలేదు. ఎప్పుడు? పొద్దుననా, మధ్యాహ్నమా? ఫ్యాను తిరుగుతుండగానా? దానికి ముందు ఎవరేం చేశారు? ఒకసారి బద్వేలు బస్సులో ఆయన ఒళ్ళో కెర్నల్ ప్రోగ్రాము అచ్చేసిన కాగితాల చుట్ట చూసి, పక్కసీటు రైతు అవి కోర్టు కాగితాలనుకున్నాడట. తన పొలం గట్టు తగాదా మొత్తం చెప్పుకున్నాడట. ఈయన దారి పొడుగునా విని, చివరికి “గట్టు జరిగింది ఎప్పుడప్పా?” అని అడిగారట. రైతు ఆలోచనలో పడి, దిగాల్సిన చోటు దాటి పోయాడని ఆయనే నవ్వుతూ చెప్పారు.

ఆ కాగితాల చుట్టను షూ లేసుతో కట్టుకునేవారు. చెవి సందున పెన్సిలు. ప్రోగ్రామును తెర మీద చదివితే కళ్ళు జారిపోతాయని ఆయన నమ్మకం. ఇంకో అలవాటుంది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన డిస్కుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవారు. లారీ మెకానిక్కులు ఇంజనుకు అలా పెట్టి వింటారు కదా, అచ్చం అంతే. దాని వల్ల ఏం తెలుస్తుంది సార్ అంటే, “శానాసార్లు ఏమీ తెలీదు. బుద్ధి నిలబడతాది” అనేవారు. అన్నిటికంటే ఆయనకు మంటెత్తించేది ఎర్రరు రాగానే మనం కంప్యూటరు ఆపి మళ్ళీ వేయడం. సాక్షిని చంపేసి కేసు విచారించమంటే ఎట్లప్పా అని కసిరేవారు.

నేను ఆయన్ని మొదట చూసింది కర్నూలులో, నేను చదువుకున్న కాలేజీలో. పాత విద్యార్థుల్ని పిలిచి, ఆయన చేత ఒక ఉపన్యాసం ఇప్పించారు. శాలువా కప్పితే మడిచి కుర్చీ చేతి మీద వేసి, గోడ మీద ఒక నిండు పేజీ ఎర్రర్లు చూపించి, ఎవరైనా చదవండి అన్నారు. ఒకమ్మాయి లేచి అట్టడుగు లైను గడగడ చదివింది.

“బాగా చదివినావు తల్లీ. అయితే నువ్వు చదివింది ఏడుపు. దెబ్బ యాడ తగిలిందో పైన మొదటి లైన్లో ఉంటాది. ఈడ నుంచి చదువు.”

ఆ పిల్ల చేత పై నుంచి కింది దాకా ఒక్కో లైను చదివించి, ఒక్కోదానికీ ఎప్పుడు, ఎప్పుడు అని హాలంతటినీ అడిగారు. గంట ఉపన్యాసం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మిగతా నలభై నిమిషాలూ ప్రిన్సిపాలుగారు వందన సమర్పణతో నింపాల్సి వచ్చింది. నేను బయట టీ దగ్గర నంబరు అడిగి రాసుకున్నాను. కానీ ఆయన్ని నిజంగా తెలుసుకున్నది ఆ తర్వాత, ఎర్రగుంట్లలో, ఒక్క వారంలో.

అప్పుడు నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. అక్కడి ల్యాబులో సువార్తమ్మ అని ఒకావిడ కాంట్రాక్టు మీద పనిచేసేది. సిమెంటుతో అచ్చుపోసిన, అరచేతిలో పట్టేంత దిమ్మెల్ని నీళ్ళ తొట్టిలో నానబెట్టి, మూడో రోజున కొన్ని, ఏడో రోజున కొన్ని, ఇరవై ఎనిమిదో రోజున కొన్ని మిషన్లో పెట్టి నొక్కి పగలగొట్టడం ఆమె పని. ఎంత బరువుకు పగిలిందో ఆ అంకె మిషన్లోంచి నేరుగా కంప్యూటర్లోకి పోతుంది. ఆరు దిమ్మెలూ అయ్యాక ఆమె ‘సేవ్’ నొక్కాలి. పగిలిన దిమ్మెను మళ్ళీ పగలగొట్టలేం కాబట్టి అంకె పోతే పోయినట్టే. కాగితం రిజిస్టర్లు అంతకు ముందే ఎత్తేశారు.

నెలలో మూడుసార్లు ఆ అంకెలు మాయమయ్యాయి. మూడుసార్లూ ఇరవై ఎనిమిదో రోజు దిమ్మెలవే. పగలగొట్టిన సాయంత్రం తెర మీద ఉంటాయి, మరునాడు కూడా ఉంటాయి. ఆదివారం మేము కంప్యూటర్లన్నీ ఆపి మళ్ళీ వేస్తాం. సోమవారం చూస్తే ఉండవు. సిమెంటు గట్టిదా కాదా అని తేల్చేవి ఆ అంకెలే. అవి సరిగా రాకపోవడంతో ఎవరో తుడిచేశారని మేనేజరుకు అనుమానం వచ్చింది. శనివారం ల్యాబుకు తాళం వేసేది సువార్తమ్మ. వచ్చే శనివారం లోగా సరైన సంజాయిషీ ఇవ్వకపోతే పనిలోంచి తీసేస్తామని ఆమెకు కాగితం ఇచ్చారు.

ఆ కాగితానికి పిన్ను కొట్టిన ఇంకో కాగితం నాది. ‘కంప్యూటర్లో ఏ లోపమూ లేదు, మూడుసార్లూ సేవ్ సక్రమంగా జరిగింది’ అని రాసి సంతకం పెట్టాను. అబద్ధమేమీ రాయలేదు. ప్రోగ్రాము తనకు తాను రాసుకునే చిట్టాలో మూడుసార్లూ ‘సేవ్ అయింది’ అనే ఉంది.

సువార్తమ్మ క్యాంటీను దగ్గర నన్ను ఆపింది.

“నేను నొక్కినా సార్. మిషన్నే ఒకసారి ఎవురికన్నా చూపిచ్చండి.”

నాకు మిషను మీద నమ్మకం, ఆమె మీద జాలి. తెలిసిన పెద్దమనిషి చేత కూడా లోపం లేదనిపిస్తే నా కాగితానికి బలం వస్తుందని కడపకు ఫోను చేశాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి బాగాలేదు గాని, జరిగింది అదే.

సోమవారం పొద్దున రైల్లో వచ్చారు. కంప్యూటరు జోలికి పోకుండా ముందు సువార్తమ్మ ఎదురుగా కూర్చున్నారు.

“ఏమ్మా, అంకెలు ఎప్పుడు పోయినాయి?”

“సోమారం చూస్తే లేవు సార్.”

“లేవని నీకు తెల్సింది సోమారం. పోయింది ఎప్పుడు?”

ఆమె బిక్కమొహం వేసింది. ఆయన గొంతు తగ్గించి, “తెలీదంటే తెలీదనమ్మా, తప్పు లేదు. నాకూ తెలీదు” అన్నారు. తొట్టిలోంచి దిమ్మె తీయడం దగ్గర్నుంచి ఏమేం చేస్తుందో అంతా చెప్పించుకున్నారు. తుడుస్తాను, పెడతాను, తలుపు వేస్తాను, నొక్కుతాను, పగులుతుంది, అంకె చేతి మీద రాసుకుంటాను అంది.

“చెయ్యి చూపియ్యమ్మా.”

ఎడమ అరచేతిలో నీలం సిరాతో ఆరు అంకెలున్నాయి, ఆ పొద్దుటివి. రిజిస్టరు ఎత్తేశాక చెయ్యి ఊరికే ఉండలేక అలా రాసుకుంటున్నానంది. తెర మీది అంకెలతో సరిచూసుకుని అప్పుడు సేవ్ నొక్కుతుందట, మధ్యాహ్నం అన్నానికి ముందు కడిగేసుకుంటుందట. ఆయన ఆ అరచేతిని చాలాసేపు చూశారు. వరండాలోకి వచ్చాక నాతో అన్నారు.

“ఆయమ్మ నొక్కింటాదప్పా. అంకె చేతి మీద రాసుకునే మనిషి సేవ్ మరిచిపోదు.”

“అది రుజువు కాదు కదా సార్.”

“కాదు. అందుకే కదా నేనీడ కూచుంటాండా.”

కెర్నల్ తనకు కనబడిన ఎర్రర్లన్నిటినీ ఒకచోట రాసి పెడుతుంది. ఆ రాతలు ఎక్కడ పడుతున్నాయని అడిగారు. అదే డిస్కులో సార్ అన్నాను. ఆయన ల్యాబు దద్దరిల్లేలా నవ్వారు. “ఇల్లు కాలిందని చీటీ రాసి ఆ ఇంట్లోనే పెట్టినారు కదప్పా!” తర్వాత తన పాత ల్యాప్‌టాపును ఒక వైరుతో మా కంప్యూటరుకు కలిపి, లోపలాయన ఏమన్నా ఆ ముక్క వెంటనే అందులోకి కూడా వచ్చేట్టు చేసుకున్నారు. ఎవరూ దేన్నీ ఆపకూడదని, ముట్టకూడదని శాసనం. ఒక ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చున్నారు.

మంగళవారం మూడు రోజుల దిమ్మెలు పగిలాయి. ల్యాప్‌టాపులో ఏమీ రాలేదు. బుధవారం ఏడు రోజులవి పగిలాయి, అప్పుడూ రాలేదు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని కూర్చున్న ఆయన్ని చూడ్డానికి ప్యాకింగు వాళ్ళు కూడా వంతులేసుకుని వచ్చిపోయారు. ఆయన అడిగే ప్రశ్నలకు అంతులేదు. సిమెంటు నీళ్ళలో ఎందుకు గట్టిపడుతుంది? దిమ్మె అంచులు ముందు పగులుతాయా, నడుమా? తొట్టి నీళ్ళు ఎన్నాళ్ళకు మారుస్తారు? సువార్తమ్మ తన మెడ మీద కత్తి వేలాడుతున్నా ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పేది. తనకు తెచ్చుకున్న బొరుగుల ఉగ్గానిలో సగం ఆయనకు పెట్టేది.

గురువారం ఇరవై ఎనిమిది రోజుల దిమ్మెలు. లేత దిమ్మె మెత్తగా నలిగిపోతుంది. ముదిరిన దిమ్మె అలా కాదు, చివరిదాకా బిగబట్టి ఒక్కసారిగా ఢామ్మంటుంది, టేబులంతా అదురుతుంది. మొదటిది పగిలింది. ల్యాప్‌టాపులో జలజలా లైన్లు పడ్డాయి.

“ఆగమ్మా, కదలాకు!” అని చెయ్యెత్తారు. గడియారం చూశారు, పెన్సిలుతో రాసుకున్నారు. “ఇంగొకటి పెట్టు.”

రెండోది ఢామ్మంది. మళ్ళీ లైన్లు. ఆయన స్టూలు మీంచి లేచి నిలబడ్డారు. ఆ మొహంలో వెలుగు నేను మర్చిపోలేను.

“గట్టి దిమ్మె పగిలితేనే లోపలాయన కేక పెడతాండాడు! చూస్తివా? సిమెంటు బాగుండబట్టే ఆయమ్మ చిక్కుల్లో పడింది!”

కంప్యూటరుండేది కూడా ఆ టేబులు మీదే. డబ్బా విప్పించారు. డిస్కుకు తగిలించే కేబులు మూతి దగ్గర పసుప్పచ్చగా ఏదో ఎండి అట్టకట్టింది. చూడగానే మా ఎలక్ట్రీషియను ఓబులేసు మొహం పాలిపోయింది. దసరాకు ఆయుధపూజ నాడు కంప్యూటర్లన్నీ విప్పి దుమ్ము ఊది, ఒక్కోదానికీ గంధం పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది వాడే.

“డిస్కే కదా సార్ గుండెకాయ. అందుకని దానికి ప్రత్యేకంగా పెట్టినా” అన్నాడు.

గంధం మీదే కేబులు దోపాడు. అది పూర్తిగా కూర్చోలేదు. టేబులు అదిరినప్పుడల్లా తెగి కలుస్తోంది. అందరం పగలబడి నవ్వాం, ఓబులేసు తప్ప. నేను గుడ్డ తీసుకోబోతే ఆయన నా చెయ్యి పట్టి ఆపారు.

“నువ్వు పెట్టిందాన్ని నువ్వే తియ్యప్పా,” అని గుడ్డ ఓబులేసుకే ఇచ్చారు. “వచ్చే పండక్కి డబ్బా పైన పెట్టు. లోపల వద్దు.”

కబురు తెలిసి మేనేజరు వచ్చాడు. ఆయనా నవ్వాడు. కేబులు మార్చండి, పని అయిపోయింది అన్నాడు. సువార్తమ్మ సంగతేమిటి సార్ అని కడప సార్ అడిగారు. మేనేజరు నవ్వు ఆపాడు.

“కేబులు వదులైతే కంప్యూటరు ఎర్రరు చూపాలి కదా. సేవ్ అయిందని ఎందుకు చూపింది? లోపం లేదని మావాడే సంతకం పెట్టాడు. కేబులు వేరు, ఇది వేరు.”

నాకైతే ఇంక చెప్పడానికేమీ లేదనిపించింది. ఆయన మాత్రం సంబరపడిపోయారు. “మంచి ప్రశ్న అడిగినారు సార్” అని మేనేజరుకు దండం పెట్టినంత పని చేసి, నా వైపు తిరిగారు.

“తప్పులు రెండుండాయప్పా. రాయలేకపోయినాడు, అదొకటి. రాయలేకపోయినా అని చెప్పల్యా, అదొకటి. మొదటిది ఓబులేసుది. రెండోది ఎవురిదో చూడాల.”

శుక్రవారమంతా ఫ్యాక్టరీ గేటు ముందరి టీ అంగట్లో షూ లేసు విప్పి కూర్చున్నారు. పేజీ తిప్పడం, పెన్సిలు గీయడం, సగం తాగిన టీ మరిచిపోయి ఇంకోటి చెప్పడం. నేను పక్కనే ఉన్నాను. మధ్యాహ్నం మూడింటికి కాగితం నా ముందుకు తోశారు.

“మనం రాసేది నేరుగా డిస్కు మీదికి పోదప్పా. ముందు మెమరీలో ఉంటాది. పలక మీద రాసుకుని తర్వాత పుస్తకంలోకి ఎక్కించినట్ట. ఎక్కించేటప్పుడు తప్పిపోతే ఏం చేస్తాడు లోపలాయన?”

“మళ్ళీ ఎక్కిస్తాడు సార్.”

“నేనూ అట్లే అనుకుంటిని. ఎక్కియ్యడు! ఇదో, ఈడ చూడు. ఎక్కినట్టే గుర్తు పెట్టేసుకుంటాడు. ‘తప్పింది’ అని పక్కన చిన్న చీటీ ఒకటి పెట్టుకుంటాడు. ఎవురన్నా వచ్చి ‘అంతా ఎక్కిందా?’ అని అడిగితే, ఆ చీటీ చూసి ‘లేదు’ అంటాడు. అని, చీటీ చింపేస్తాడు.”

“ఆ తర్వాత ఇంకొకరు అడిగితే?”

“అంతా బాగుండాది అంటాడు. చీటీ లేదు కదా!”

శనివారం దాకా తెర మీద కనిపించిన అంకెలు పలక మీదివి. ఆదివారం మేము ఆపగానే పలక తుడిచిపెట్టుకుపోయింది. నాకు అప్పుడు అర్థమైంది. కొత్త కెర్నళ్ళలో దీన్ని దిద్దారనీ, ఎందరడిగినా అందరికీ చెబుతుందనీ ఆయనన్నారు. మా ల్యాబు ప్రోగ్రాము పాతదాని మీద తప్ప నడవదు కాబట్టి మేము పాతదాన్నే పట్టుకుని ఉన్నాం.

“ఇంగ ఒకటే మిగిలింది,” అన్నారు, టీ గ్లాసు పక్కకు జరుపుతూ. “ఆయమ్మ సేవ్ నొక్కినప్పుడు ప్రోగ్రాము అడుగుతాది, అంతా ఎక్కిందా అని. అప్పుడు ‘లేదు’ అనాల కదా? అనల్యా. అంటే ఆయమ్మ కంటే ముందు ఎవురో అడిగి పోయినారు. మీ మిషన్లో అంత ఆత్రంగా అడిగేది ఎవురప్పా?”

ఆ అడిగేది నేను పెట్టిన లైనే. అంతకు ముందు ఎండాకాలం రోజుకు నాలుగైదుసార్లు కరెంటు పోయేది, బ్యాటరీల మీద భరోసా లేదు. కరెంటు పోయినా ఒక్క ముక్క పోకూడదని, నిమిషానికొకసారి ‘ఉన్నదంతా డిస్కులోకి ఎక్కించు, ఎక్కిందో లేదో చెప్పు’ అనే ఒక్క లైను వేశాను. మా ప్రాంతంలో కంప్యూటరు పట్టుకున్న ఎవడైనా చేసే పనే. క్యాంటీన్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ లైనే నిమిషానికొకసారి పోయి అడిగింది. మూడు వారాలూ దానికి ‘లేదు’ అనే జవాబు వచ్చింది. ఆ జవాబు ఎవరికి చెప్పాలో నేను దానికి చెప్పలేదు.

ఆయన నా మొహం వైపు చూడలేదు, కాగితాలు సర్దుకుంటున్నారు. ఆ లైను ఆయన సోమవారమే చూసి ఉంటారని నాకిప్పటికీ అనుమానం. నేను మాత్రం, “చూసి చెప్తాను సార్” అన్నాను.

సాయంత్రం ఐదింటికల్లా తెలుగులో, చేత్తో, రెండు పేజీల రిపోర్టు రాసి నా చేతిలో పెట్టారు. “నాకు బండికి టైమైతాండాది. మేనేజరుకు నువ్వే ఇయ్యి” అని స్టేషనుకు వెళ్ళిపోయారు. నిలబడే చదివాను. దిమ్మెలు, గంధం, చీటీ, అన్నీ ఎవరికైనా అర్థమయ్యేట్టు రాశారు. రెండో పేజీ చివర ఇలా ఉంది: ‘నిమిషమునకొకసారి అడుగు ఆజ్ఞ వలన ఎర్రరు సువార్తమ్మ గారి వరకు రాలేదు. ఆ ఆజ్ఞను వేసినది’. అక్కడ పెన్సిలుతో చుక్కలు పెట్టి ఖాళీ వదిలారు. దాని కింద సిరాతో, ‘సువార్తమ్మ గారు మూడు దినములూ సేవ్ నొక్కినారు.’

నాకు ఒళ్ళు మండింది. రాస్తే రాయాలి, లేకపోతే మానేయాలి, ఈ నాటకమెందుకు అని ఆయన్ని నాలుగు తిట్టుకున్నాను. ఆ చుక్కలు రబ్బరుతో తుడిచేసి, ముందు మూడు మాటలు కొట్టేస్తే ఎవరికీ తెలియదు. సువార్తమ్మ ఉద్యోగమూ నిలబడుతుంది. ‘సిస్టం’ అనే మాట ఆ ఖాళీలో సరిగ్గా సరిపోతుంది. దాచడమెందుకు, ఆ మాట పెన్సిలుతో రాసి చూసుకున్నాను కూడా. కానీ నా పాత కాగితం ఇంకా ఆమె ఫైలులో పిన్ను కొట్టి ఉంది. లోపం లేదని ఒక సంతకం, ఉందని ఇంకొకటి. అది ఉన్నంత కాలం ఎవరికి కోపమొచ్చినా ఆమె మీదికే పోతుంది. ‘సిస్టం’ తుడిచేసి ఇంటిపేరుతో సహా నా పేరు పెన్నుతో రాశాను. నా మొదటి కాగితం తప్పని కింద ఇంకో ముక్క రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత ఆయనతో ఎన్నోసార్లు మాట్లాడాను గాని, ఆ ఖాళీలో ఏం రాశావని ఆయన ఒక్కసారీ అడగలేదు.

శనివారం మేనేజరు నన్ను నిలబెట్టి చెడామడా తిట్టాడు, మెమో ఇచ్చాడు. సువార్తమ్మకిచ్చిన కాగితం వెనక్కి తీసుకున్నాడు. ఆ సంగతి ఆమెకు నేనే చెప్పాలనిపించి ల్యాబుకు వెళ్ళాను. ఆమె మిషను తుడుస్తోంది.

“మూడుసార్లూ నువ్వు సేవ్ నొక్కావమ్మా. తప్పు నాది,” అన్నాను. ఎలా జరిగిందో నాలుగు మాటల్లో చెప్పాను.

ఆమె గుడ్డ కింద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను, తిట్టినా పడదామనుకున్నాను.

“నేను నొక్కినానా సార్?”

“నొక్కావు.”

“నిజంగా నొక్కినానా?”

ఆమె స్టూలు మీద కూలబడింది.

“అందురూ అంటాంటే నాకే అనుమానం పట్టుకున్యాది సార్. మా ఆయన కూడా మరిచిపోయింటావులే అనె. దినామూ ఇంట్లో పొయ్యి ఆర్పినానా లేదా అని రెండు తూర్లు వెనక్కి పొయ్యి చూసుకుంటాండా. తాళమేసి మళ్ళ తీస్తాండా. మొన్న చర్చిలో ప్రార్థన చేస్తా చేస్తా, యాడికొచ్చినానో మరిచిపోతి.”

ఆమెకు ఉద్యోగం ఉంటుందా పోతుందా అనే నేను ఆలోచించాను. తన చేతుల మీద తనకే నమ్మకం పోయిందని నా ఊహకు కూడా అందలేదు. క్షమించమన్నాను. పర్వాలేదు అనలేదు ఆమె. తల ఊపింది, అంతే.

ఆ సాయంత్రం కడపకు ఫోను చేసి పొయ్యి సంగతి చెప్పాను.

“అట్లనా అప్పా,” అన్నారు. “నాలుగు దినాలు ఆయమ్మ ముందరే కూచుంటిని. తొట్టి నీళ్ళు ఎప్పుడు మారుస్తావని కూడా అడిగితిని. నువ్వు ఎట్లుండావమ్మా అని అడగల్యా చూడు.”

సోమవారం పొద్దున అదే రైల్లో మళ్ళీ దిగారు. ల్యాప్‌టాపు లేదు, కాగితాల చుట్ట లేదు, చెవి సందున పెన్సిలు కూడా లేదు. గేటు దగ్గర వాచ్‌మన్, మళ్ళా ఏం చెడింది సార్ అని అడిగితే, ఏమీ లేదప్పా అని చెప్పి లోపలికొచ్చారట. నేను ల్యాబు వైపు వెళ్ళేసరికి ఆ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నారు. సువార్తమ్మ మాట్లాడుతోంది. ఆయన ఏమీ అడగడం లేదు, వింటున్నారు. నేను తలుపు దగ్గర నుంచే వెనక్కి వచ్చేశాను. ఆ రోజు దిమ్మెలు గంట ఆలస్యంగా పగిలాయి.